జేజి వేలు

మా పాప రెండో తరగతి చదివిన సంవత్సరం బడికి వెళ్ళింది పట్టుమని పది వారాలు. మిగతా కాలమంతా బడే మా ఇంటికి వచ్చింది, నా పాత ఫోన్‌లో. ఆ పది వారాల కోసం మా ఇంట్లో జరిగిన రభస ఇంతా అంతా కాదు.

అప్పుడు మేం కర్నూలు వన్ టౌన్‌లో రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్ళం. నేను, మా ఆయన, పాప, మా అత్త. మా ఆయన కడప బస్సు కండక్టరు. నేను పెద్దాసుపత్రి ఎదురుగా ఒక మందుల షాపులో పనిచేసేదాన్ని. అంటుజబ్బు మొదలై బళ్ళన్నీ మూసేసిన కొత్తలో జ్వరం మాత్రలు కొనేవాళ్ళంతా పక్కింటివాళ్ళ కోసమే కొనేవారు. ఒకాయన నా ముఖం మీదే దగ్గుతూ, "ఈ దగ్గు నాది కాదమ్మా, మా బామ్మర్దిది" అన్నాడు. ఆ మాటలకు మేం నవ్వుకున్నాం. నెల తిరక్కుండా మా అత్తే మంచం పట్టింది.

పదహారు రోజులు ఆక్సిజన్ మీద ఉంది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు మా ఆయన్ని పక్కకు పిలిచి, "ఈసారికి గట్టెక్కింది. ఇంకోసారి వస్తే ఆమె ఊపిరితిత్తులు తట్టుకోవు" అన్నాడు. ఆ మాట మా ఇంట్లో గోడకు కొట్టిన మేకులా ఉండిపోయింది. ఎవరం దాన్ని పైకి అనేవాళ్ళం కాదు. కానీ మా ఆయన డ్యూటీ దిగి వచ్చి పెరట్లో స్నానం చేశాకే ఇంట్లో అడుగు పెట్టేవాడు. నేనూ అంతే.

పగలంతా పాపకు తోడు మా అత్తే. పాపకు ఆమె జేజి. మా వైపు నాయనమ్మను అలాగే పిలుస్తారు. వాట్సాప్‌లో మేడమ్ పాఠం చదివి పంపేది. జేజి, మనవరాలు గోడకానుకుని కూర్చుని, ఫోన్ మధ్యలో పెట్టుకుని మళ్ళీ మళ్ళీ వినేవాళ్ళు. సాయంత్రానికి పాప పుస్తకం పట్టుకుని, లైను కింద వేలు పెట్టి గడగడా చదివితే పక్కింటమ్మాయి వీడియో తీసి మేడమ్‌కు పంపేది. వెంటనే నక్షత్రాలు, చప్పట్ల బొమ్మలు వచ్చేవి. రాత్రి నేను ఇల్లు చేరాక ఆ వీడియో రెండుసార్లు చూసుకుని, షాపులో పడ్డ మాటలన్నీ మరిచిపోయేదాన్ని.

మా అత్తకు చదువంటే ఎంత ప్రేమో మా చర్చిలో అందరికీ తెలుసు. నల్ల అట్ట పాటల పుస్తకం చంకలో లేకుండా ఆమె ఆదివారం గడప దాటదు. నంబరు చెప్పగానే పేజీ తీసేది, వేలు లైను వెంట కదిలేది, గొంతు ఎక్కడా తడబడేది కాదు. సండే స్కూల్లో పిల్లల చేత బైబిలు కంఠత వాక్యాలు ఒప్పజెప్పించేదీ ఆమే. మాలో పిల్లలకు చదువు వచ్చిందా రాలేదా అని చూసేదే అక్కడ. తడుముకోకుండా ఒప్పజెబితే చదువు వచ్చినట్టు. నేనూ అలా ఒప్పజెప్పి బహుమతిగా సబ్బుపెట్టెలు తెచ్చుకున్నదాన్నే.

చలి తగ్గే రోజుల్లో బడి తెరుస్తామని ఒక కాగితం ఇచ్చారు. ఇష్టమున్నవాళ్ళు పిల్లల్ని పంపొచ్చు, లేనివాళ్ళకు ఫోన్ పాఠాలు అలాగే నడుస్తాయి. పంపేవాళ్ళు మాత్రం సోమవారంలోగా సంతకం పెట్టివ్వాలి. ఆ కాగితం మా ఆయన తెచ్చి స్టవ్ గట్టు మీద పెట్టాడు.

"పంపేది ల్యా. ఫోన్‌లోనే బాగా సదువుతాంది గదా" అన్నాడు.

నేనూ తలూపాను. నిజానికి నాకు అందులో అనుమానమే లేదు. చేతినిండా వంకాయ ముక్కలుండి, "అందులో ఏం రాసినారో సదువు పాపా" అన్నాను.

పాప నిటారుగా నిలబడింది. మొదటి లైను కింద వేలు పెట్టి, "అనగనగా ఒక కోడిపెట్ట. దానికి నాలుగు పిల్లలు" అని మొదలుపెట్టింది.

ఆటకు చేస్తోందనుకుని నవ్వాను. "కథ కాదు తల్లీ, కాగితం సదువు" అన్నాను. పాప మళ్ళీ మొదటి లైనుకు వెళ్ళి, అదే గొంతుతో అదే కోడిపెట్టను మొదలుపెట్టింది. లైను చివర వేలు ఆగింది, కిందికి దిగింది, మళ్ళీ నడిచింది. ఎంత చక్కగా నడిచిందో.

చేతులు తుడుచుకుని పలక తెచ్చి 'పలక' అనే రాశాను. ఇదేమిటని అడిగాను. పాప పలక వైపు చూడలేదు. నా ముఖంలోకి చూసింది, తర్వాత జేజి వైపు చూసింది. ఆ చూపు నాకు కొత్త కాదు. మందుచీటీ చేతికిచ్చి, చదవడం రాదని చెప్పలేక నా ముఖంలోకి చూసేవాళ్ళను షాపులో రోజూ చూస్తాను.

నోట్సు తీశాను. పేజీలకు పేజీలు ముత్యాల్లాంటి అక్షరాలు. అన్నీ చూసి గీసినవే. అడిగితే ఒక్కదాని పేరూ చెప్పలేకపోయింది. నాకు ఒళ్ళు మండిపోయి పాప వీపు మీద ఒకటి వేశాను. ఆ దెబ్బకు ఇవాళ్టికీ సిగ్గుపడతాను. అంతటితో ఊరుకోక మా అత్త మీదికి తిరిగాను.

"పక్కనే కూచోని ఏం చూచ్చాండావ్ అత్తా ఇన్ని నెలలు? బిడ్డకు అ, ఆలు గూడా రాల్యా. సదువొచ్చినదానివి, నీ కండ్లకు కనపల్యా?"

ఆమె పాపను ఒళ్ళోకి లాక్కుని వీపు నిమిరింది. తర్వాత మెల్లగా, "నాకెవురు చెప్పినారు మే సదువు?" అంది.

నాకు అర్థం కాలేదు.

"నేను సదవను. నాకు నోటికొచ్చు, అంతే. మా నాయన నన్ను గొర్రెల ఎంట తోలె. ఆదివారం చర్చిలో ఇని ఇని నేర్చుకుంటి. అంకెలొచ్చు, బస్సు నంబరు సూసి ఎక్కల్ల గదా. ఆ అంకెతో పేజీ తీచ్చా. పెండ్లయి వచ్చినబ్బుడు కోడలు పుస్తకం పట్టుకొని వచ్చిందని మా అత్త ఊరంతా చెప్పుకునె. అంతమందిలో రాదని చెప్పేకి నాకు నోరు రాల్యా. ఆమీట ఎవురూ అడగల్యా."

నలభై ఏళ్ళకు పైగా. కన్నకొడుకు కూడా తలుపు దగ్గర నిలబడి మొదటిసారి వింటున్నాడు. పింఛనుకూ రేషనుకూ ఇప్పుడు చదువుకున్నవాళ్ళు కూడా వేలే వేస్తున్నారు, ఎవరికి అనుమానం వస్తుంది? పాప పుట్టిన రోజు ఆసుపత్రి మంచం పక్కన ఆమె ఆ పుస్తకం తెరిచి, వేలు పెట్టి పాడుతుంటే నాకెంత ధైర్యం వచ్చిందో గుర్తుంది. పాప ఎవరినీ మోసం చెయ్యలేదు. చదవడమంటే అదేనని ఎవరి దగ్గర చూసిందో వాళ్ళ దగ్గరే నేర్చుకుంది.

ఆ రోజు నుంచి సోమవారం దాకా మా పని అడకత్తెరలో పోకచెక్కే. పాపకు నేనే నేర్పుతానని మొదలుపెట్టాను. షాపు నుంచి వచ్చేసరికి ఎనిమిదిన్నర. నా చదువు మూడో పూటకే అరుపుల్లోకి దిగింది, పాప పలక చూస్తేనే ఏడవడం మొదలుపెట్టింది. పోనీ అత్తను కొన్నాళ్ళు కమలాపురంలో మా ఆడబిడ్డ ఇంట్లో ఉంచుదామంటే, అక్కడ ఏడుగురు మనుషులు, రోజూ పొలానికీ సంతకూ తిరిగేవాళ్ళు. ఇక్కడికంటే అదేం భద్రం?

"బడిలో ముప్పై మంది పిల్లోల్లు. దాండ్లో ఎవురో ఒకరు తెచ్చి అంటిస్తారు. అమ్మకేమన్నా అయితే నువ్వు బతకనిస్తావా నన్ను?" అన్నాడు మా ఆయన.

"నీ బస్సులో యాభై మంది. దానికి నన్నెవురన్నా సంతకం అడిగినారా?" అన్నాను.

అది గెలవడానికి అన్న మాట. కానీ నిజంగా నన్ను కాల్చింది ఆ సంతకమే. బస్సుకు వెళ్ళక తప్పదు, షాపుకు వెళ్ళక తప్పదు, ఏం జరిగినా రాత అనుకోవచ్చు. ఇది మాత్రం నేను పెన్ను పట్టుకుని ఒప్పుకోవాలి. పిల్లకు గానీ ఇంట్లోవాళ్ళకు గానీ ఏమైనా జరిగితే బాధ్యత మాదే అని అందులో ఉంది. పాపకు చదువు రావాలంటే అత్త ప్రాణం పందెం పెట్టాలి. అత్తను కాపాడాలంటే పాప రేపు ఏ మందుల షాపు ముందో చీటీ పట్టుకుని ఎవరి ముఖంలోకో చూడాలి. నాకు భయంగా ఉండేది. భయపడ్డప్పుడల్లా నాకు కోపం వస్తుంది, ఆ వారం గిన్నెలన్నీ సొట్టలు పడ్డాయి.

సోమవారం పొద్దున మా అత్త ఆ కాగితం అడిగింది.

"ఏం రాసుండాదో సదువు మే."

చదివాను. ఇంట్లోవాళ్ళకు ఏమైనా జరిగితే అన్నచోట ఆగి కాగితం మడవబోయాను.

"ఏమన్నా అయ్యేది ఎవురికి? నాకే గదా. అట్లయితే మీ సంతకమెందుకు? నా ఏలు ఎయ్యి."

"అత్తా, అది తల్లిదండ్రులు పెట్టేది."

"నలభయ్యేండ్లు ఏలు దాసిపెట్టుకుంటి మే. ఇబ్బుడన్నా ఏయనీ. నా మాదిరి కాగూడదు అది."

పాప స్కెచ్ పెన్నుతో ఆమె బొటనవేలికి నీలం రంగు పూశాను. ఆమె అదిమిపెట్టింది. మా ఆయన గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. దాని పక్కనే నేను సంతకం పెట్టాను.

బడి గేటు దగ్గర మేడమ్ కాగితం చూసి, "ఈ వేలిముద్ర ఎవరిది?" అంది. నేను నోరు తెరిచేలోపే పాప, "మా జేజిది. ఆమెకు సదువు రాదు, నాకు గూడా రాదు" అని వీధంతా వినపడేలా చెప్పింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి చెబితే మా అత్త కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది, ఆ నవ్వు దగ్గులోకి తిరిగి నన్ను హడలగొట్టింది.

ఆమెను లోపలి గదిలోకి మార్చాం. పాప ముందు గది దాటకూడదు, జేజిని ముట్టుకోకూడదు. మేమిద్దరం పనిలో ఉన్నప్పుడు పక్కింటమ్మాయి వాకిట్లో కూర్చునేది. రోజూ సాయంత్రం పాప గడప ఇవతల కూర్చుని ఆ పూట వచ్చిన అక్షరాలు గాల్లో రాసి చూపించేది. జేజి అవతల నుంచి తనూ గాల్లో రాసేది.

నాలుగో వారం పాపకు జ్వరం వచ్చింది.

నూట రెండు. ముక్కు కారుతోంది, దగ్గు కూడా ఉంది. పరీక్షకు ఇచ్చి వచ్చాం. ఫలితం ఫోన్‌కు వస్తుంది, రెండు రోజులు పడుతుందన్నారు. లోపలి గది తలుపు పూర్తిగా మూసేశాం. మా ఆయన నాతో మాటలు మానేశాడు. గడియకోసారి తలుపు తట్టేదాన్ని, ఆమె ఆక్సిజన్ చూసే మిషన్ వేలికి పెట్టుకుని అంకె చెప్పేది. తొంభై నాలుగు. తొంభై మూడు. నేను ప్రార్థన కూడా చెయ్యలేకపోయాను. ఏమని అడగను? ఆ కాగితం మీద ఉన్నది నా సంతకం.

రెండో రోజు మధ్యాహ్నం జ్వరం దిగి పాప లేచి కూర్చుంది. జేజి ఏదని పేచీ పెట్టింది. ఏదో ఒకటి చేసి ఊరుకోబెడదామని ఇంట్లో ఉన్న ఇంకో పాటల పుస్తకం చేతికిచ్చి, జేజికి ఇష్టమైన పాట నంబరు లోపలికి వినపడేలా చెప్పి, ఆ పేజీ తీసి, తలుపు దగ్గర కూర్చుని చదవమన్నాను.

పాప పాడలేదు. చదివింది. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, కొమ్ముకీ దీర్ఘానికీ ఆగుతూ, తప్పు చదివి మళ్ళీ వెనక్కి వెళ్తూ. ఒక్క లైనుకు రెండు నిమిషాలు పట్టింది. ఆ పాట పాపకు ఊయలలోనే వచ్చు, అయినా నోటికొచ్చింది అనకుండా కంటికి కనపడిందే అంటోంది.

లోపలి నుంచి చప్పుడు లేదు. ఏ పిల్ల ఎక్కడ ఆగినా మాట అందించకుండా ఉండలేని మనిషి ఆమె. పెరట్లోకి పరిగెత్తి వెనక కిటికీ లోంచి చూశాను.

మంచం మీద కూర్చుని ఉంది. నల్ల అట్ట పుస్తకం ఒళ్ళో తెరిచి, కొంగు నోటికి అడ్డం పెట్టి అదుముకుని, అందించబోయే మాటను లోపలే ఆపుకుంటోంది. వేలు లైను మీద ఉంది. తలుపవతల పాప ఒక అక్షరం దగ్గర ఆగిపోయింది. నలభై ఏళ్ళుగా ఎక్కడా ఆగని మా అత్త వేలు కూడా అక్కడే ఆగింది. పాప కూడబలుక్కుని ముందుకు జరిగాక, అదీ ఒక అక్షరం ముందుకు జరిగింది.

సాయంత్రం ఫలితం వచ్చింది. జబ్బు లేదు. తలుపు తీయబోతే, "ఉండు మే, ఇంగా ఒక సరణం ఉండాది" అంది మా అత్త లోపలి నుంచి.