చేతులు లేని రెండు నిమిషాలు

అనార్‌కాన్ నాలుక మీద ఒక చెంచా రుచి జీవితాంతం ఉండిపోయింది. ఇనుప చెంచా.

కిర్గిజ్ దేశంలో నారీన్ కొండల్లో పుట్టిన పిల్ల. మూడో ఏట జ్వరమొచ్చి పోతూపోతూ వినికిడిని కూడా పట్టుకుపోయింది. ఏడో ఏట తండ్రి గుర్రం మీద ముందు కూర్చోబెట్టుకుని తెచ్చి, చెవిటి పిల్లల బడిలో దించి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు. ఆ బడిలో ఒక టీచరమ్మ ఉండేది. పన్నెండుమంది పిల్లల్ని అద్దం ముందు వరసగా కూర్చోబెట్టి, చెంచా కాడతో నాలుకని పైకెత్తి "ర్ర్ర్" అనమనేది. ఒకరి నోట్లోంచి తీసి, కొంగుకి తుడిచి, పక్కవాళ్ళ నోట్లో పెట్టేది. వరసలో అనార్‌కాన్‌ది తొమ్మిదో చోటు. అంటే చెంచా ఆ పిల్ల దాకా వచ్చేసరికి ఎనిమిదిమంది పొద్దున తాగిన గంజి, ఎనిమిదిమంది చొంగ, టీచరమ్మ కొంగు మీది సుద్దపొడి, అన్నీ దాని మీద ఉండేవి. కక్కుకుంటే దెబ్బ. చేతులు కదిపితే స్కేలుతో రెండు దెబ్బలు.

"పదేళ్ళ చదువుకి నాకొచ్చింది ఒక్క 'ర్ర్ర్'" అనేది తర్వాతి రోజుల్లో, చేతుల్తోనే. "దాన్ని పట్టుకుని రొట్టెల కొట్టుకి వెళ్తే కుక్కని తెచ్చావా అని బయటికి తోలారు."

అసలు చదువు మరుగుదొడ్ల దగ్గర వరసలో జరిగింది. పెద్దపిల్లలు చిన్నపిల్లలకి చేతిభాష నేర్పేవాళ్ళు. అక్కడ నేర్చుకుంది కాబట్టి మొదట తిట్లే వచ్చాయి. మిగతా భాష మెల్లిగా వాటి వెనకాల వచ్చింది.

బడి అయ్యాక ఫ్రూంజె ఊళ్ళో చెవిటివాళ్ళ కుట్టుశాలలో పని. చొక్కా కాలర్లు కుట్టేది. కుడిచేత్తో గుడ్డని మిషన్‌లోకి తోస్తూ, ఎడమచేత్తో ఫోర్‌మన్ నడక, ఫోర్‌మన్ పెళ్ళాం నడక, వాళ్ళ వెనకాల వెళ్ళే కుక్క నడక ఒకేసారి చూపించేది. అయిదు వేళ్ళతో ముగ్గురు ఎలా నడుస్తారని అడక్కండి. చూసినవాళ్ళు ముప్ఫైమంది ఉన్నారు, ముప్ఫైమందీ కుక్కే బాగుందని ఒట్టేసి చెబుతారు.

అలా చెవిటివాళ్ళ క్లబ్బు నాటకాల్లోకి లాక్కుపోయారు. నాటకం చూడ్డానికి వినేవాళ్ళు కూడా వస్తే, వాళ్ళ కోసం తెర పక్కన మైకు పట్టుకుని జీనా మాటలు చెప్పేది. జీనాకి చెవులు బాగానే ఉన్నాయి. అమ్మానాన్నలిద్దరూ చెవిటి దర్జీలు. నోటితో ఏడవడం కంటే ముందు చేతుల్తో ఏడవడం నేర్చుకున్న మనిషి. ఒకసారి ఓష్ ఊళ్ళో ఆట మధ్యలో కరెంటు పోయింది. చీకట్లో చెవిటివాళ్ళకి నాటకం ఎక్కడిది? నాలుగొందలమందీ అగ్గిపెట్టెలు తీశారు. అగ్గిపుల్లల వెలుగులో అనార్‌కాన్ చచ్చిపోయే సీను చేసింది. జనం కాళ్ళతో నేల దద్దరిల్లేట్టు తన్ని మళ్ళీ చెయ్యమన్నారు. మూడుసార్లు చచ్చిపోయింది. నాలుగోసారికి పుల్లలు అయిపోయాయి కాబట్టి బతికిపోయింది.

క్లబ్బు గుమ్మం దాటితే మాత్రం రోత మొదలు. అనార్‌కాన్‌ని చూసి బస్సులో ఆడవాళ్ళు పెదవి విరిచేవాళ్ళు. బజార్లో ముసలాళ్ళు "పాపం, మూగపిల్ల" అని, తడిచేత్తో బుగ్గలు నిమిరేవాళ్ళు. అరిస్తే వినపడుతుందనుకుని కొందరు మొహంలో మొహం పెట్టి, సగం నమిలిన రొట్టె తుంపర్లతో సహా అరిచేవాళ్ళు. ఆవిడ ఇంటికొచ్చి సబ్బుతో మొహం కడుక్కునేది. ఏళ్ళు గడిచాయి, ఊరి పేరు బిష్‌కెక్ అయింది, సబ్బు పేరు కూడా మారింది. కడుక్కోవడం మాత్రం మానలేదు.

యాభయ్యో ఏట సినిమా వచ్చింది. దర్శకుడు సోవెత్‌బెక్. మనిషి కంటే బొజ్జ ముందు గదిలోకి వచ్చే రకం. నాటకం చూసి, తెర వెనక్కొచ్చి, అప్పుడే భోజనం చేసిన వేళ్ళతో అనార్‌కాన్ గడ్డం పట్టుకుని దీపం వైపు తిప్పాడు.

"జీనా, అక్కకి చెప్పు. ఈ మొహాన్ని దేవుడు కెమెరా కోసమే చేశాడు."

జీనా చేతుల్తో చెప్పింది. అనార్‌కాన్‌కి గడ్డం మీద గొర్రెకొవ్వు పేరుకుంటోంది.

"ఆ వేళ్ళు పొద్దున్నించీ ఎక్కడెక్కడ తిరిగాయో అడుగు" అంది చేతుల్తో.

"చాలా సంతోషమండీ అంటోంది" అంది జీనా నోటితో.

సినిమా కథ చిన్నదే. కొండ ఊళ్ళో ఒక చెవిటి ఆడమనిషి. ఊరివాళ్ళు ఆవిడ ఆడగుర్రాన్ని తోలుకుపోయి, తనే ఒప్పుకుందని చెప్పుకుంటారు. చివర్లో ఊరి పెద్దల ముందు ఆవిడ నిలబడి జవాబు చెబుతుంది. రెండు నిమిషాలు.

"ఆ రెండు నిమిషాలూ నా మాటలు నేనే కూర్చుకుంటా" అంది అనార్‌కాన్. "తెరమీద నా చేతులు పూర్తిగా కనపడాలి. ఒక్క వేలు తగ్గినా నేను రాను."

సోవెత్‌బెక్ చెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు. చొక్కా మీద అయిదు వేళ్ళ జిడ్డు ముద్ర పడింది.

"మా అమ్మ మీద ఒట్టు అక్కా. చేతుల్లేకపోతే సినిమా ఎందుకసలు?"

క్లబ్బులో నెలరోజులు దాని మీదే పని. వాళ్ళ భాష అంతవరకూ పెద్ద తెర ఎక్కింది లేదు. అందుకని ప్రతి మాటకీ ఒక యుద్ధం. కుట్టుశాలలో గుడ్డలు కత్తిరించే ముకాష్ తాత ఉన్నాడే, డెబ్బై ఏళ్ళవాడు, "గుర్రం అని అలా చూపిస్తావేంటే, అది గాడిదలా ఉంది" అని కుర్చీ ఎత్తాడు. "నీ కళ్ళకి అన్నీ గాడిదల్లాగే కనపడతాయి తాతా, అద్దం ఎక్కువ చూస్తావు కదా" అంది అనార్‌కాన్. ఇద్దరూ వారం రోజులు ఒకరి చేతులు ఒకరు చూడలేదు. అంటే మాటల్లేవన్నమాట. చివరికి తాత చెప్పిన గుర్రమే ఖాయమైంది.

షూటింగ్ కొండ మీద. సోవెత్‌బెక్ దర్శకత్వం చేసినంతసేపూ తింటూనే ఉండేవాడు. ఏడుపు కావాలంటే ఉల్లిపాయ కోసి ఆవిడ కళ్ళ దగ్గర తనే పట్టుకునేవాడు, మిగిలిన ముక్క తను నమిలేవాడు. నటించడం వచ్చిన మనిషికి ఉల్లిపాయ! ఆవిడ మొహం తిప్పుకోలేదు. ఓర్చుకుంది. ఆ రెండు నిమిషాల కోసం ఓర్చుకుంది.

ఆ సీను రోజు రెండు కెమెరాలు పెట్టారు. ఒకటి దూరంగా, ఒకటి మొహం దగ్గరగా.

"ఈ రెండోది ఎందుకు?" అని అడిగించింది.

"ఊరికే, జాగ్రత్తకి" అన్నాడు సోవెత్‌బెక్, పళ్ళ సందులో పీచు లాక్కుంటూ.

సినిమా మొదటి ఆటకి క్లబ్బువాళ్ళు మూడు బస్సుల్లో వచ్చారు. నూట నలభైమంది. ముకాష్ తాత పెళ్ళినాటి కోటు తొడుక్కుని ముందువరసలో కూర్చున్నాడు. దీపాలు ఆరేదాకా హాలంతా చేతులే. "ఇప్పుడొస్తుంది చూడు, నా గుర్రం వస్తుంది" అని తాత ఎదురుగా దొరికిన ప్రతివాడికీ చెప్పాడు.

చివరి సీను వచ్చింది. తెర నిండా అనార్‌కాన్ మొహం. ఉల్లిపాయ కన్నీళ్ళు. భుజాల దాకా ఉంది, వాటి కింద తెర అయిపోయింది. భుజాలు కదులుతున్నాయి, ఎవరో కింద దాక్కుని ఆవిడని కుదుపుతున్నట్టు. చేతులు లేవు.

నూట నలభైమంది ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తెర వెలుగులో ప్రశ్నలు లేచాయి. "ఏమంటోంది?" "ఏమో." "చేతులేవి?" ముకాష్ తాత లేచి, తెర కింద నేల మీద ఏమైనా పడ్డాయేమో అన్నట్టు వంగి చూశాడు. మిగతా హాలంతా రుమాళ్ళు తీసి ఏడుస్తోంది.

"శబ్దం ఏం పెట్టారు?" అంది అనార్‌కాన్.

జీనా చేతులు కదలడానికి ఇష్టపడలేదు. "వయొలిన్లు. ఎవరో పిల్లగొంతు నీ బదులు మాట్లాడుతోంది. 'దేవుడా, నాకీ మౌనం ఎందుకిచ్చావు' అంటోంది."

అనార్‌కాన్ నోట్లోకి ఇనుప రుచి ఉబికి వచ్చింది. తొమ్మిదో చోటు. ఎవరెవరి చొంగో.

దీపాలు వెలిగాయి. సోవెత్‌బెక్ వేదిక మీదికి పిలిచి, బుగ్గ మీద తడిగా ముద్దుపెట్టి, ఆవిడకి పూలగుత్తి ఇచ్చాడు. మామూలు గుత్తి కాదు, దూడంత ఉంది. రెండు చేతులూ చుట్టి పట్టుకుంటే తప్ప నిలవదు. ఆవిడ ఆ పూల మీదుగా హాలుని చూసింది. మళ్ళీ చేతులు పోయాయి.

గుత్తిని తీసుకెళ్ళి ఆయన బొజ్జ మీద దింపింది. ఆయన పట్టుకోక తప్పలేదు. అప్పుడు వేదిక మధ్యలో, దీపం బాగా పడేచోట నిలబడి, రెండు నిమిషాలూ చెప్పింది. జీనా మైకు లాక్కుని వినేవాళ్ళకి చెప్పింది:

"ఆ గుర్రం నాది. దాని డెక్కలకి లాడాలు కొట్టించింది నేను. మంచులో దాని కాన్పు చేసింది నేను. మీరంతా నా ముందే నిలబడి, నా గుర్రం గురించి, నేనేమంటానో కూడా మీరే చెప్పుకున్నారు. ఒక్కడైనా నా వైపు తిరిగి ఇస్తావా అని అడిగాడా? ఇవ్వను."

చెవిటివాళ్ళు నేలని ఎంత తన్నారంటే బయట మూడు బస్సుల్లో ఒకటి దానంతటదే కదిలిందని డ్రైవరు ఇప్పటికీ అంటాడు. ఆ తర్వాత ముకాష్ తాత కుర్చీ మీదికెక్కాడు. క్లబ్బులో ఎవరికైనా పేరు పెట్టాలంటే, వాడు చేసిన పనిని బట్టి చేత్తో పెడతారు. ఒకసారి పెట్టాక చచ్చేదాకా అదే. తాత రెండు వేళ్ళు కత్తెర చేసి, రెండోచేతి మణికట్టు మీద కచకచా ఆడించాడు. నూట నలభైమందీ సోవెత్‌బెక్‌ని చూస్తూ అదే చేశారు.

ఆయన దాన్ని చప్పట్లనుకున్నాడు. కళ్ళు చెమర్చాయి. పూలని కాళ్ళ దగ్గర దింపి, తను కూడా మణికట్టు మీద కత్తెర ఆడించి, నడుం వంచి దణ్ణం పెట్టాడు. ఈనాటికీ దారిలో చెవిటివాళ్ళు కనపడితే అలాగే పలకరిస్తాడు. పాపం అనకండి, పాపం అనేవాళ్ళంటే ఆవిడకి గిట్టదు.

వరండాలో విందు. అనార్‌కాన్ కోటు తొడుక్కుంటోంది. సోవెత్‌బెక్ వేడి మాంసం చీకుకుంటూ పరుగెత్తుకొచ్చాడు.

"జీనా, అక్కకి చెప్పు. ఇంకో సినిమా తీద్దాం. ఈసారి చేతులు కూడా పెడతాను, మా అమ్మ మీద ఒట్టు!" అంటూ ఆవిడ గడ్డం పట్టుకోబోయాడు.

అనార్‌కాన్ ఒకడుగు వెనక్కేసి, నాలుగు వేళ్ళు కదిపింది. ఈసారి జీనా ఉన్నదున్నట్టు చెప్పింది.

"ముందు నీ చేతులు కడుక్కుని రమ్మంటోంది."