సగం నిండిన కుడితి బిందె

ఫిబ్రవరి నెల. పొద్దున ఏడింటికి మా లారీ భానూర్ రోడ్డు మీదికి మళ్ళింది. పన్నెండు మందిమి. వెనుక పరుపు చుట్టలు, ట్రంకు పెట్టెలు, రెండు కిరోసిన్ పొయ్యిలు, ఒక వైర్‌లెస్ సెట్టు. రెండేండ్లు మంచు కొండల మీద కాపలా కాసి వచ్చినోణ్ణి, సొంతూరి గాలి తగలంగనే గొంతు గరగర అన్నది. పటాన్‌చెరు దిక్కు నుంచి కంపెనీల వాసన వస్తుండె.

కొత్తగ కడుతున్న ఫౌజు గోదాం. చుట్టూ ముళ్ళ తీగ, ఒక్కటే గేటు, మాకు రేకుల షెడ్డు. ఆరు నెలల డ్యూటీ. గేటు కాడ నిలబడితె మా ఊరి నీళ్ళ ట్యాంకు కనవడుతది. నీకేందిరా, ఇంటి ముందటనే పోస్టింగ్ అని తోటోళ్ళు కుళ్ళుకున్నరు. హర్యానా హవల్దార్ మొదటి రోజే తేల్చేసిండు. నిన్నొక్కణ్ణి ఇంటికి పంపితె తక్కినోళ్ళంత అడుగుతరు, ఛుట్టీ లేదు, ములాఖాత్ లేదు, డ్యూటీ మీద ఉన్నోడు గేటుకు వచ్చినోళ్ళతోని మాట్లాడొద్దు అన్నడు. జీ సాబ్ అన్న. ఇంకేమంట?

నీళ్ళకు మస్తు పరేషాన్. వాగు నల్లగ పారుతుండె. బోరు నీళ్ళు నోట్లె పోసుకుంటె ఉమ్మెయ్యాలె. సంగారెడ్డి నుంచి రోజు విడిచి రోజు ట్యాంకర్ వస్తుండె. అందుకని ఆర్డర్ పడ్డది: బియ్యం కడిగిన నీళ్ళల్లనే ఆలుగడ్డలు కడగాలె, కూర ఉడికిన నీళ్ళు పప్పుల పొయ్యాలె, ఆఖరికి మిగిలిన గంజి, కడుగు ఊరి బర్రెలకు ఇయ్యాలె. గుంతల పోస్తె ఈగలు ముసురుతున్నయి. మా దిక్కు గిదేం కొత్త కాదు. బర్రె లేనోళ్ళు తమ కుడితి తెచ్చి బర్రె ఉన్నోళ్ళ గోలెంల పోస్తరు, చల్ల చేసిన్నాడు చెంబు నింపుకొని పోతరు. వాగు చెడిపోయినంక కుడితికి ఇంకింత గిరాకీ పెరిగింది.

మూడో రోజు పొద్దున నేను గేటు మీద ఉన్న. సిల్వర్ బిందె నెత్తిన పెట్టుకొని వచ్చింది ఎవరనుకున్నరు? మా ఇంటామె. మా ఇంటి బర్రెకు కుడితి కోసం వచ్చింది. పెండ్లై నాలుగేండ్లు, అందుల కలిసి బతికింది రెండు ఛుట్టీలు. నా దిక్కు ఒక్కసారి సూసి తల దించుకున్నది. నేను రైఫిల్ పట్టుకొని బొమ్మ లెక్క నిలబడ్డ. లోపలికెళ్ళి లాంగ్రీ బకీటు తెచ్చిండు. లాంగ్రీ అంటె ఫౌజుల వంటాయన. కేరళాయన, ఉంగరాల జుట్టు, ఎప్పుడూ పండ్లు కనవడుతనే ఉంటయి. నమస్తే అమ్మా అన్నడు. ఆమె నవ్వింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఇగ రోజూ అదే తంతు. వానికి తెలుగు రాదు, ఆమెకు హిందీ రాదు, అయినా ముచ్చట ఒడువదు. నాతోని ఉన్నప్పుడు ఊఁ అనుడు తప్ప మాట రానిదానికి వాని ముందట ఏడికెళ్ళి ఊరుతున్నయో అనుకుంటి. పది అడుగుల దూరంల నిలబడి అన్నీ సూడాలె, ఒక్కటి అడగొద్దు. పగోనికి సుత గట్ల రావద్దు.

ఉగాది వచ్చింది. హవల్దార్‌ను బతిమిలాడి భచ్చాలు, అంటె బొబ్బట్లు, చెయ్యమన్నం. లాంగ్రీ పొద్దుగాలనే శనగపప్పు ఉడకబెట్టి, వంచిన నీళ్ళు కుడితిల కలుపనీకి బకీటుల తెచ్చిండు. మా ఇంటామె తొంగి సూసి బిందె కింద పెట్టింది.

"గిది బర్రెకు పోస్తవా? పాపం తగులుతది. చారు పెట్టు. చింతపండు పిసుకు, ఎల్లిపాయ దంచి పోపెయ్యి. ఆఖరికి ఇంత పూర్ణం ముద్ద కలుపు."

చేతులు తిప్పుకుంట చెప్పింది. వాడు తల ఊపుకుంట బకీటు లోపలికి తీసుకపోయిండు. పూర్ణం కలుపుడు మా అమ్మ గుట్టు. సొంత చెల్లెకు సుత చెప్పలే. అసొంటిది ఈమె ఇంటి గుట్టు తెచ్చి ఫౌజు బకీటుల పోసింది.

పగటి బువ్వకు ఆ చారు గ్లాసులల్ల పోసుకొని జుర్రిండ్రు. బిహార్ వైర్‌లెస్ ఆయన హెడ్ క్వార్టర్‌కు రిపోర్టు ఇచ్చిండు.

"ఇధర్ సబ్ ఠీక్. చారు బహుత్ బఢియా. ఓవర్."

"క్యా చారు? ఓవర్."

అందరు లాంగ్రీ వీపు తట్టిండ్రు. అది మా ఇంటి చారు, మా అమ్మ చేతి వాసన, మెచ్చుకోలు మాత్రం వానికి. కుతకుత ఉడుకుకుంటనే మూడు గ్లాసులు తాగిన. తాగినంక వాని కాడికి పోయిన.

"గేటు కాడికి వచ్చేది నా పెండ్లాం" అన్న.

"మాలూమ్ హై భాయ్. మొదటి రోజే సైగ చేసి చెప్పింది. ఏమన్న అడగాలంటె చెప్పు, నేను అడుగుత" అన్నడు హిందీల.

నీ సాయం నాకేం వద్దు అని తిరిగొచ్చిన. నా పెండ్లాం బాగోగులు నేను వాణ్ణి అడగాల్నా?

తర్వాత కొద్ది దినాలకు ఒకటి కనిపెట్టిన. లాంగ్రీ బిందె నింపుతలేడు. సగం పోసి బకీటు పక్కకు పెడుతున్నడు. మిగిలింది వేరేటోళ్ళకు పోస్తున్నడు. ఇద్దరికి చెడిందిరా అనుకున్న. ఆ పూట అన్నం రుచిగ తిన్న. ఎండలు ముదిరినయి, వానలు వచ్చినయి, సగం బిందె సగం బిందెగనే ఉన్నది. ఆమె మాత్రం ఒక్క దినం తప్పలే.

ఆగస్టుల డ్యూటీ అయిపోయింది. ఛుట్టీ కాయితం జేబుల పెట్టుకొని, ట్రంకు పెట్టె భుజానేసుకొని నడిచిన. అరగంట నడక. ఇంట్లెకు పోకముందే కొట్టంల బర్రెను సూద్దామని పోయిన. గుంజ ఉన్నది, బర్రె లేదు. కుడితి గోలెం బోర్లేసి ఉన్నది. ఎండకాలంల గడ్డి లేక, నీళ్ళు లేక అమ్మేసినం, నువ్వు రంది పడతవని చెప్పలేదు అన్నది అమ్మ.

బువ్వ పెడుతుంటె మా ఇంటామెను అడిగిన.

"ఇన్ని దినాలు కుడితి ఎవరికి మోసినవ్?"

"పక్కింటోళ్ళ బర్రెకు."

"వాళ్ళ బర్రెకు నువ్వెందుకు మోసుడు?"

"బిందె లేకుంట గేటు కాడికి ఏమని రావాలె?"

చేతిల ముద్ద పల్లెంల పెట్టిన. లాంగ్రీకి ఎరుకనా అని అడిగిన.

"ఎరుకే. నువ్వు గేటు మీద లేని దినం సూసి బర్రెను అమ్మినమని చెప్పిన. ఆ కాడికెళ్ళి సగమే పోస్తుండె. ఉత్తగ బరువెందుకమ్మా అన్నట్టు సైగ చేసిండు."

ఇప్పటికీ ఉగాదికి ఆ చారు పెట్టి ఆయన పేరు తీస్తది. ఎక్కడున్నడో పాపం అంటది. నాకు ఇంక కడుపుల మండుతది. ఆమె నెత్తి మీది బరువు నాకంటె ముందుగాల వానికి తట్టింది.

మంచు కొండలు మర్చిపోయిన. హవల్దార్ మొఖం మర్చిపోయిన. ఇదొక్కటి పోదు. నేను గేటు కాడ రైఫిల్ పట్టుకొని ఉన్న. ఆమె ఊరి దిక్కు నడుస్తున్నది. సగం బిందె తొణికి గంజి ఆమె భుజం మీద పడుతున్నది. కొంగుతోని తుడుచుకుంట పోతున్నది. ఇద్దరికి చెడిందని నేను లోపల నవ్వుకుంటున్న.