కద్మాలో అద్దెకున్నవాళ్ళే తనిఖీకి దిగిన ఆదివారం

పోయిన వేసవిలో, విశాఖలో మేము అద్దెకుంటున్న బిల్డింగులో మెట్ల పక్క గోడ పెచ్చులు ఊడి కింది వాటా ఆవిడ భుజం మీద పడ్డాయి. పనిచేసుకు బతికేవాళ్ళకు తక్కువ అద్దెకిచ్చే ఇళ్ళు అవి. ఫిర్యాదు చేస్తే ఆ ఇళ్ళను నడిపే ఆఫీసు వాళ్ళు తమ ఇంజనీరునే పంపారు. ఆయన కింద నిలబడి ఒకసారి తలెత్తి చూసి, ఢోకా లేదని చెప్పి వెళ్ళిపోయాడు. కట్టించింది వాళ్ళే, అద్దె తీసుకునేది వాళ్ళే, బాగుందో లేదో తేల్చేదీ వాళ్ళే. ఒళ్ళు మండిపోయి జంషెడ్‌పూర్‌లో ఉండే మా పిన్ని కూతురు పైడితల్లి అక్కకు ఫోన్ చేశాను. "మా కాడ ఇకనించి మేమే సూత్తామే. వచ్చే ఆదివారమే మొదలు. వచ్చీసి నీ కళ్ళతో సూసుకో" అంది. మీ కాలనీలోనూ ఇలాంటిది మొదలుపెట్టాలనుకుంటే, ఈ ప్రయాణం మీకు పనికొస్తుంది.

విశాఖ నుంచి టాటానగర్‌కు నేరుగా వెళ్ళే రైళ్ళున్నాయి కానీ అన్నీ రోజూ ఉండవు. స్లీపర్ టికెట్టు ఐదారు వందల్లో వచ్చేస్తుంది. శనివారం మధ్యాహ్నం ఎక్కితే ఆదివారం తెల్లవారేసరికి దిగాను. స్టేషన్ బయట టీ తాగి ఆటో మాట్లాడుకుంటుంటే నా హిందీ విని డ్రైవరు నవ్వాడు. "తెలుగోలేనా అమ్మా? ఎక్కడినించి వత్తన్నారు?" అన్నాడు. వాళ్ళ నాన్న సోంపేట నుంచి రైల్వే పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడట. షేర్ ఆటో అయితే ముప్పై రూపాయలకే వెళ్ళొచ్చు గానీ బిష్టుపూర్‌లో మారాలి. సామాను ఉందని నేను ఒక్కదాన్నే నూట యాభైకి ఎక్కాను. దారిలో జుగ్సలాయి గోదాముల దగ్గర లారీలు సరుకు దించుతుంటే అరగంట కదల్లేదు. కద్మాలో ఏ క్వార్టర్లకో చెప్పగానే అతని ముఖం మారింది. "ఆ కోటర్లకా? అక్కడ కుళాయి నీల్లు నోట్లో పెట్టుకోకండమ్మా. మా సెల్లెలు కూతురికి అక్కడే కామెర్లొచ్చినాయి."

నాకు ఆ సంగతి అప్పటికే తెలుసు. అక్క కూతురు స్వాతి కూడా కామెర్లతో పద్దెనిమిది రోజులు ఆసుపత్రిలో పడుకుంది. డిగ్రీ రెండో ఏడు పరీక్షలు పోయాయి. ఆ క్వార్టర్లు ఒక ట్రస్టువి. ఆ బ్లాకుల్లో ఇంటికొకరు చొప్పున జబ్బుపడుతుంటే, నీళ్ళు శుభ్రంగా ఉన్నాయని ఆఫీసు చెబుతూనే ఉంది. చివరికి ఆడవాళ్ళంతా వెళ్ళి గేటు ముందు వారం రోజులు కూర్చుంటే, అద్దెకున్నవాళ్ళు తామే తనిఖీ చేసుకోవడానికి ట్రస్టు ఒప్పుకుంది. బ్లాకుకొకరిని అక్కడివాళ్ళే ఎంచుకున్నారు. ఆఫీసులో పనిచేసేవాళ్ళ చుట్టాలు ఉండకూడదన్నది వాళ్ళు పెట్టుకున్న ఒకే ఒక నియమం. మా అక్క, పక్క బ్లాకులో ఉండే ఒడియా ఆవిడ సావిత్రి ఈ జట్టుకు ముందు నిలబడ్డారు.

నేను వెళ్ళేసరికి ముందు బ్లాకుకు కొత్త సున్నం కొట్టి ఉంది. ఇంకా తడి ఆరలేదు. ఆఫీసు ముందు షామియానా, కుర్చీలు, మైకు, ఒక బల్ల మీద టీ, బిస్కెట్లు. మేనేజరు అందరికీ నమస్కారాలు పెడుతూ తిరుగుతున్నాడు. "పెళ్ళికొచ్చినట్టుంది కదే" అంది అక్క నా చెవిలో. ఆమె నవ్వలేదు.

మేనేజరు జట్టును వెంటబెట్టుకుని కొత్త సున్నం గోడలు చూపించాడు, మోటారు గది చూపించాడు, ఇక టీ తాగుదాం రమ్మన్నాడు. అక్క కదల్లేదు.

"పైన ట్యాంకు సూడాల" అంది.

మేడ మీది తలుపు తాళం చెవి లేదనీ, అది ఉన్న మనిషి సెలవులో ఊరెళ్ళాడనీ మేనేజరు హిందీలో చెప్పాడు. ఇంకోసారి చూద్దురుగాని అన్నాడు. అక్క మెట్ల మీద కూర్చుంది. పక్కనే సావిత్రి కూర్చుంది. మెల్లగా మిగతా ఆడవాళ్ళూ వచ్చి కూర్చున్నారు. మెట్లు నిండిపోయి ఎవరూ పైకీ కిందికీ పోవడానికి లేకుండా అయింది. ఎండ ఎక్కుతోంది. మేనేజరు మర్యాద తగ్గుతూ వచ్చింది. ఆడవాళ్ళు మేడ ఎక్కితే జారిపడతారని, బాధ్యత తనదని గొంతు పెంచాడు.

"నా కూతురు మంచం మీద పడున్నప్పుడు ఏమయిపోనాది బాబూ నీ బాద్దెత?" అంది అక్క తెలుగులోనే. అతనికి అర్థం కాలేదేమో అని స్వాతి ఆ మాటనే హిందీలో చెప్పింది.

ఎవరికో ఫోన్ చేసి మాట్లాడాక మేనేజరు ఆఫీసులోకి వెళ్ళాడు. తాళం చెవి అతని బల్ల సొరుగులోంచే వచ్చింది. లేదని అంతసేపు మా ముఖాల మీదే చెప్పిన తాళం చెవి అది.

మేడ మీద ట్యాంకు మూత సగం విరిగిపోయి ఉంది. విరిగినచోట ఒక రేకు ముక్క పడేశారు. సావిత్రి రేకు తీయగానే వచ్చిన వాసనకు నేను వెనక్కి తగ్గాను. లోపల అంచుల చుట్టూ పాచి, నీళ్ళ మీద ఈకలు, ఒక మూల ఉబ్బిపోయిన పావురం. అక్క లోపలికి వంగి చూసింది. "ఈ నీల్లతోనే స్వాతికి గంజి కాసినాను" అంది, ఎవరితోనూ కాదు. మేనేజరు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, మూడు నెలలకోసారి కడిగిస్తున్నామని అప్పుడు కూడా అన్నాడు.

కిందికి దిగాక అక్క మైకు తీసి అతని చేతిలో పెట్టింది. "నువ్వే సెప్పు" అంది. అతను కొన్ని లోటుపాట్లు కనిపించాయని మొదలుపెట్టాడు. "లోటుపాట్లు కాదు, ఏం చూశావో చెప్పు" అని సావిత్రి హిందీలో అడ్డుపడింది. రెండుసార్లు తప్పించుకోబోయి, చివరికి అన్నాడు: "టంకీ మే కబూతర్ మరా హువా థా." ట్యాంకులో పావురం చచ్చి ఉందన్నమాట మైకులో అన్ని బ్లాకులకూ వినబడింది.

అప్పుడు స్వాతి టీ బల్ల వెనక వరుసగా పెట్టిన నీళ్ళ క్యాన్లను చూపించి, ఆఫీసు టీ ఏ నీళ్ళతో పెట్టారని అడిగింది. కొనుక్కొచ్చిన నీళ్ళు అవి. ఆఫీసులో ఎప్పుడూ అవే తాగుతారని టీ కాచిన మనిషి తలవంచుకుని చెప్పాడు. వాళ్ళకు తెలుసు. తెలిసే తాము వేరే నీళ్ళు తెప్పించుకుని, పిల్లలున్న ఇళ్ళకు ఇవి వదిలారు. అప్పుడు లేచారు జనం. కుర్చీలు పడిపోయాయి. మేనేజరు చుట్టూ అక్కా సావిత్రీ అడ్డం నిలబడకపోతే అతను దెబ్బలు తినేవాడు. "కొడితే కేసు మన మీదకే వత్తాది. ముందు ట్యాంకు కాళీ సేయించండి" అని అక్క అరిచింది.

సాయంత్రానికి ట్యాంకులన్నీ ఖాళీ చేయించారు. మేడ తాళం చెవి ఒకటి జట్టు దగ్గర ఉంటుంది. ముందుగా చెప్పకుండా ఎప్పుడైనా ఎక్కడైనా చూడొచ్చని ట్రస్టు పెద్దలు ఫోన్లోనే ఒప్పుకున్నారు. మేనేజరు మాత్రం ఆ కుర్చీలోనే ఉన్నాడు. ఆసుపత్రి పాలైన పిల్లల గురించి ట్రస్టు వాళ్ళెవరూ ఒక్క మాట అనలేదు. స్వాతికి పోయిన ఏడాది తిరిగి రాదు.

తక్కువ అద్దెకు ఇస్తున్నాం కదా, ఇంకేం అడుగుతారు అనే మాట నేను మా ఊళ్ళోనూ విన్నాను, అక్కడా విన్నాను. అది దయ కాదు, అద్దె. ఆ రోజు మెట్ల మీద కూర్చున్నవాళ్ళలో చదువుకున్నవాళ్ళు తక్కువ, భయపడినవాళ్ళు చాలామంది. నేనూ భయపడ్డాను. అయినా లేచి వెళ్ళిపోలేదు, అంతే. కోపం ఉన్నంత మాత్రాన సరిపోదనీ, దానికి పక్కన కూర్చునే మనుషులు కావాలనీ అక్కడ కూర్చున్నాకే నాకు తెలిసింది.

మీరు వెళ్ళేటట్టయితే ఒక్క సలహా. ఆదివారం రాత్రికి తిరుగు టికెట్టు తీసుకోకండి, మంగళవారానికి తీసుకోండి. మీకు రైలు వేళ అవుతోందని తెలిస్తే ఆఫీసు వాళ్ళు మీరు వెళ్ళిపోయేదాకా కాచుకుని కూర్చుంటారు.