కండక్టరు ఈలకు ఆగిన కుక్క

మా తమ్ముడికి లోకంలో ఒకే ఒక గర్వం ఉండేది. అది వాడి ఈల. టౌను బస్సులో కండక్టరుగా చేరిన నాటి నుంచి ఉద్యోగంలోంచి దిగిపోయాక కూడా ఆ ఇత్తడి ఈల నల్లతాడుకు వేలాడుతూ వాడి మెడలోనే ఉంది. మా మరదలు బతికున్న రోజుల్లో, "నన్ను మర్చిపోయి వెళ్ళిన రోజులున్నాయి గాని ఈలను మర్చిపోయి వెళ్ళిన రోజు లేదు వదినా" అని నవ్వేది.

ఒక్క ఈల అంటే ఆగు. రెండు ఈలలంటే పద. బస్సెక్కిన ప్రతివాడికీ తెలిసిన సంగతే. మా తమ్ముడు మాత్రం అందులో ఇంకేదో మహత్తు ఉందనుకునేవాడు. బస్టాండులో బస్సులన్నీ ఒకదాని పక్కన ఒకటి నిలబడి, కండక్టర్లందరూ ఒక్కసారే ఊదుతున్నా, తన డ్రైవరు తన ఈలకు తప్ప బండి కదపడట. "ఎంతమంది పిల్లలు ఏడుస్తున్నా తల్లికి తన బిడ్డ ఏడుపు తెలియదూ? ఇదీ అంతే అక్కా" అనేవాడు. ఆ తల్లి పోలిక వాడికి ఎంత ఇష్టమంటే, అన్నం తింటూ కూడా చెప్పేవాడు.

వాడు మంచి కండక్టరే. ముసలివాళ్ళను చెయ్యి పట్టుకుని ఎక్కించేవాడు. సీట్ల కింద చెత్త కనిపిస్తే తానే వంగి తీసేవాడు. మరదలు పోయాక కింది వాటాలో వాడొక్కడే మిగిలాడు. ఇనప మంచం, గోడకు మేకు, మేకుకు ఖాకీ చొక్కా. పై వాటాలో నేనూ, నా కొడుకూ కోడలూ. పొద్దున్నే కిందికి దిగి చూస్తే, వెళ్ళడానికి చోటు లేకపోయినా చెప్పులు తొడుక్కుని మంచం మీద కూర్చుని ఉండేవాడు.

అటువంటప్పుడు కుక్కపిల్ల వచ్చింది. పాత స్నేహితులను చూద్దామని డిపోకు వెళ్ళినవాడు, ఆగిన బస్సు కింద పడుకుని ఉన్నదాన్ని చొక్కాలో పెట్టుకుని తెచ్చాడు. మట్టిరంగు ఒళ్ళు, ఒక చెవి నిక్కి, ఒక చెవి వాలి ఉండేది. పేరు "చిల్లర" అని పెట్టాడు.

"అదేం పేరురా" అన్నాను.

"నా ఉద్యోగమంతా దానికోసమే దేవులాడాను అక్కా. ఇప్పటికి దొరికింది."

నవ్వాను. మరదలు పోయాక వాడు వేసిన మొదటి హాస్యం అది.

కుక్కను పెంచడంలో వాడికి వంక పెట్టడానికి లేదు. సూదిమందులు తప్పకుండా వేయించాడు. వీధిలో అది గలీజు చేస్తే, తెల్లారకముందే ఎవరి గుమ్మం ముందో వదిలేసి దిక్కులు చూస్తూ పోయే పెద్దమనుషుల్లా కాకుండా, చేతి సంచీలోంచి పాత కాగితం తీసి ఎత్తి పారేసేవాడు. మా వీధిలో చదువుకున్న వాళ్ళ కుక్కలు చాలా ఉన్నాయి. కాగితం ఉన్న సంచీ మాత్రం మా తమ్ముడిదే.

కాని తాడు కట్టేవాడు కాదు.

ఈల నేర్పాడు. ఒక్క ఈల ఊదితే ఉన్నచోట కూలబడేది. రెండు ఊదితే లేచి పరుగెత్తుకొచ్చేది. పెరట్లో నేర్పినంతవరకు నాకూ ముచ్చటే. తర్వాత వీధిలోకి, ఆ తర్వాత పార్కుకు. పార్కులో కూర్చున్నవాళ్ళు కబుర్లు ఆపి చూసేవారు. "ఏం బుద్ధిమంతురాలండీ మీ కుక్క" అని ఒకరంటే వాడి ఛాతీ బస్సంత అయ్యేది. ఎవరైనా జంకి పక్కకు తప్పుకుంటే, "ఏమీ అనదండీ, రండి" అనేవాడు. అది ముందుకాళ్ళు ఎత్తి మనుషుల రొమ్ముల మీద వేసి మూతి నాకబోయేది. పిల్లగా ఉన్నప్పుడు అందరూ ముద్దు చేశారు. ఇప్పుడది లేచి నిలబడితే నా భుజం దాకా వస్తుంది. పళ్ళు పెట్టకపోతే మాత్రం, అంత బరువు మీద పడితే మనిషేం కావాలి?

"బస్సుకు బ్రేకుంటుందిరా. దీనికేముంది?" అన్నాను.

"నా ఈలుంది."

"ఈల ఊదే లోపల నీకు దగ్గు వస్తే?"

"నీకన్నీ అపశకునాలే అక్కా."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనేవాడితో ఎంతసేపు వాదిస్తాం.

ఆ సాయంత్రం నేను కూడా పార్కులో బెంచీ మీద కూర్చున్నాను. చిల్లర కాస్త దూరంగా గడ్డిలో కూర్చుని ఉంది. మా తమ్ముడు ఒక్క ఈల ఊది దాన్ని అక్కడ కూర్చోబెట్టి, ఎవరికో దాని గొప్పలు చెబుతున్నాడు. మైదానం వైపు డ్రిల్లు మాస్టారు పిల్లలను పరుగుపందేనికి వరసలో నిలబెట్టాడు. గేటు లోంచి మా వీధి కుట్టుపనామె వస్తోంది. కుట్టిన బట్టల మూట చంకలో పెట్టుకుని, పార్కుకు అడ్డంపడి అవతలి వీధిలో ఇచ్చి రావడం ఆమెకు అలవాటు. కుక్కలంటే ఆమెకు చచ్చేంత భయమని మా వీధిలో అందరికీ తెలుసు.

మాస్టారు రెండు ఈలలు ఊదాడు.

పిల్లలు పరుగెత్తారు. చిల్లర కూడా లేచి పరుగెత్తింది. దానికి నేర్పిందే అది చేసింది. ఎవరి దగ్గరకు వెళ్ళాలో తెలియక అటూ ఇటూ చూసి, ఎదురుగా వస్తున్న కుట్టుపనామె వైపు మళ్ళింది. ఆమె వెనక్కి తిరిగి పరుగుపెట్టింది. పరుగెత్తేదాని వెంట పడకపోతే అది కుక్కే కాదు. వెనకనుంచి ముందుకాళ్ళు ఆమె వీపు మీద వేసింది. ఆమె కాలిబాట అంచున ఉన్న రాతి మీద, కుడిచెయ్యి కింద పెట్టి పడింది.

అప్పుడు మా తమ్ముడు ఒక్క ఈల ఊదాడు. కుక్క ఠక్కున కూలబడింది. విప్పుకుపోయిన మూటలోని తెల్లచొక్కా మీద కూర్చుని, మెచ్చుకోలు కోసం తోక ఊపుతూ వాడి వైపు చూసింది.

మణికట్టు ఎముక రెండుగా విరిగిందన్నారు. వీపు మీద గోళ్ళ గీతలు. కుక్కకు సూదిమందులు వేయించారా అని డాక్టరు అడిగితే ఆ ఒక్కదానికి మాత్రం మా తమ్ముడు తలెత్తి జవాబు చెప్పగలిగాడు. ఆసుపత్రి ఖర్చు వాడే పెట్టుకున్నాడు. పెట్టుకోక ఏం చేస్తాడు, అందులో రాయడానికి గొప్పేం లేదు.

కట్టు కట్టి ఇంటికి పంపాక నేనూ వాడూ వాళ్ళింటికి వెళ్ళాం. కిటికీ పక్క కుట్టుమిషను, దాని మీద సగం కుట్టిన గౌను, సూది ఇంకా బట్టలోనే దిగి ఉంది. ఆమె భర్త గుమ్మంలోనే నిలబడ్డాడు.

"లోపలికి రండి అనను. ఆ కుక్కను ఊరవతల వదిలేస్తారా, లేక దాన్ని నన్నే ఏదో ఒకటి చెయ్యమంటారా, అది చెప్పి వెళ్ళండి."

మా తమ్ముడు చేతులు కట్టుకుని, "అది ఎవరినీ ఏమీ అనదు బాబూ. ఆ రోజు ఈల..." అని మొదలుపెట్టాడు.

లోపలినుంచి ఆమె గొంతు వినబడింది. "ఈలల సంగతి నాకెందుకు అన్నయ్యా? ఏమీ అనదని మీరు ఎన్నిసార్లు అన్నారో, నేను అన్నిసార్లు భయపడుతూనే మీ ముందునుంచి నడిచాను. నా భయం మీకు నవ్వులాటగా ఉండేది."

వాడి చూపు మిషను మీదికి పోయింది.

"ఇక్కడ నేను మిషనేసుకుని బతుకుతున్నాను. బట్టలు ఇవ్వాలంటే ఆ దారినే పోవాలి. దాన్ని ఎక్కడో వదిలేస్తే నా చెయ్యి అతుక్కుంటుందా? ఈయన వదిలెయ్యమంటాడు. నేను అనను. నా దారిన నేను నడవాలి, అంతే. దాన్ని పట్టుకోండి. చేత్తో పట్టుకోండి, నోటితో కాదు."

ఇంటికి వచ్చి మంచం మీద కూర్చుని, "తాడు కట్టి ఈడ్చుకుంటూ తిప్పే బదులు దాన్ని మా డ్రైవరుకు ఇచ్చేస్తానక్కా" అన్నాడు.

"ఎందుకు?"

"నలుగురిలో ఇంతకాలం వదిలి తిప్పినవాణ్ణి. ఇప్పుడు తాడేస్తే ఏమనుకుంటారు?"

"ఆమె చెయ్యి విరిగింది, నీకు నీ పరువు విరిగిందని బాధగా ఉందన్నమాట. వదిలెయ్యి నాయనా. అది కూడా నిన్ను నమ్మే కదా బస్సు కింద నుంచి వచ్చింది."

వినలేదు. మర్నాడు కుక్కను ఆటోలో కాళ్ళ దగ్గర కూర్చోబెట్టుకుని బయలుదేరాడు. నేనూ ఎక్కాను. వీణ్ణి ఒంటరిగా పంపితే తిరుగు దారిలో ఏమవుతాడో అని నా భయం.

డ్రైవరు ఊరి చివర ఉంటాడు. ఇంటి వెనక కాస్త కూరపాదుల నేల. ఇద్దరూ ఒకే బండి మీద ముసలివాళ్ళయ్యారు. మా తమ్ముడు జరిగిందంతా చెప్పి, "నువ్వు నా ఈల గుర్తుపట్టినట్టు ఇది పట్టలేకపోయిందిరా" అన్నాడు.

డ్రైవరు చేతిలో పార పక్కన పెట్టాడు. "నీ ఈల విని నేను బండి కదిపానని ఎవరు చెప్పారు నీకు?"

"మరి?"

"అద్దంలో చూసేవాణ్ణి. మెట్టు మీద కాలు కనిపిస్తే నువ్వు ఊపిరి పోయేలా ఊదినా బండి కదిలేది కాదు. నువ్వు వెనక సీట్ల దగ్గర టికెట్లు కొడుతూ, ఇటు చూడకుండానే ఊదేవాడివి. ఆ ఈలను నమ్మి ఉంటే ఎంతమంది చక్రాల కింద పడేవాళ్ళో."

"ఇన్నేళ్ళూ చెప్పలేదే."

"చెప్తే బాధపడతావని. ఊదుకోనీలే అనుకున్నాను. అద్దం నా దగ్గరుంది కదా." చిల్లర తల మీద చెయ్యి వేసి, "దీనికి అద్దం ఎక్కడుందిరా?" అన్నాడు.

మా తమ్ముడి ముఖం నేను చూడలేకపోయాను. మరదలు పోయిన రోజు ఎలా ఉన్నాడో అలా ఉన్నాడు.

డ్రైవరే మళ్ళీ అన్నాడు. "ఇక్కడ వదిలితే తిండి పెడతాను, కాదనను. కాని నా పక్కింటివాళ్ళకూ ఎముకలున్నాయి. నేనైనా కట్టే ఉంచాలి. ఆ కట్టేదేదో నువ్వే కట్టుకోరాదూ?"

లోపలికి వెళ్ళి బాల్చీకి కట్టే తాడు తెచ్చి ఇచ్చాడు. మా తమ్ముడు మెడలోని ఈల తీసి అక్కడి అరుగు మీద పెట్టాడు. డ్రైవరు వద్దనలేదు, తీసుకోనూ లేదు. తిరుగు ఆటోలో కుక్క కాళ్ళ దగ్గరే ఉంది. తాడు కొస వాడి చేతికి రెండు చుట్లు చుట్టుకుని ఉంది.

ఆ తర్వాతి రోజులు ఇద్దరికీ కష్టంగానే గడిచాయి. చిల్లర తాడు లాగేది, గుంజేది, కొరికేది. తాడు తీసి తోలుపట్టీ కొన్నాడు. అది లాగినప్పుడల్లా వీడు ఆగిపోవడం, పట్టీ వదులైతేనే అడుగు వెయ్యడం. పది గజాలు నడవడానికి పొద్దెక్కేది. మనుషుల మీదికి ఎగరడం మాన్పించడానికి నన్ను దారిన పోయే మనిషిగా పెట్టుకున్నాడు. చంకలో దుప్పటి మూట పెట్టుకుని పెరట్లో అటూ ఇటూ నడవడం నా పని. ఈ వయసులో నాకు ఉద్యోగం దొరికింది. అది ముందుకాళ్ళు ఎత్తితే ఇద్దరం వీపు తిప్పేవాళ్ళం. నాలుగు కాళ్ళూ నేల మీద ఉంటేనే పలకరింపు. దాని గతేమో గాని నా మోకాళ్ళు మాత్రం దెబ్బతిన్నాయి.

వీధిలో పట్టీతో నడుస్తుంటే ఒకాయన, "ఏం కండక్టరు గారూ, బండికి గొలుసు పడిందే" అన్నాడు.

"బ్రేకండీ" అన్నాడు మా తమ్ముడు, ఆగకుండా.

కుట్టుపనామె చెయ్యి అతుక్కుంది గాని మునుపటిలా కాలేదు. మణికట్టు కాస్త పక్కకు తిరిగి ఉండిపోయింది. దళసరి బట్ట మీద కత్తెర నడవదు. కత్తిరింపు పని ఆమె ఆడపడుచు చేస్తోంది, కుట్టు మాత్రం తను చేసుకుంటోంది. మా తమ్ముడు ఆ కిటికీ ముందునుంచి వెళ్ళడం మానేశాడు. కుక్కను తిప్పే వేళ కూడా మార్చుకున్నాడు, ఆమె గడప దాటని వేళకు.

అయినా ఒక పొద్దున్న ఎదురుపడ్డారు. మురుగు కాలువ కోసం పార్కు గోడ వెంట దారి తవ్వేసి, ఇద్దరు ఒరుసుకుని పోయేంత సందు మాత్రం మిగిల్చారు. ఆ చివర ఆమె, ఎడమ చంకలో మూట. ఈ చివర వాడూ, కుక్కా, ఆ పూట వాడి వెంట వెళ్ళిన నేనూ. వెనక్కి మళ్ళుదామని వాడు తిరిగేసరికి మట్టి బండి వచ్చి వెనక అడ్డం నిలబడింది.

వాడు కుక్కను గోడవైపు జరిపాడు. పట్టీని మెడ దగ్గర దాకా పొట్టిగా పట్టుకుని, దానికీ దారికీ మధ్య తాను అడ్డంగా నిలబడ్డాడు. "కూర్చో" అన్నాడు మెల్లగా. అది కూర్చుంది. ఆమె అక్కడే ఆగిపోయింది. మూట మీద చెయ్యి బిగుసుకోవడం నాకు కనిపించింది. నేను పిలుద్దామనుకున్నాను, మా తమ్ముడు వద్దని కళ్ళతోనే సైగ చేశాడు. ఆమెకు ధైర్యం చెప్పడానికి మేమెవరం.

చాలాసేపటికి ఆమే అంది. "మీరు కదలకండి అన్నయ్యా. నేను దాటాక వెళ్ళండి."

"అలాగేనమ్మా. నీ ఇష్టం వచ్చినంత సేపు తీసుకో."

ఆమె నడిచింది. పరుగెత్తలేదు. మా పక్కకు వచ్చినప్పుడు కుక్కను చూడలేదు, పట్టీ పట్టుకున్న వాడి చేతిని చూసింది. చిల్లర ఒకసారి లేవబోయి, వాడి మోకాలు తగిలి మళ్ళీ కూర్చుంది. ఆమె చీర కొంగు నా మోచేతికి రాసుకుంటూ వెళ్ళింది. మమ్మల్ని మన్నించిందని నేను రాయను, ఆమె ఆ మాట అనలేదు.

వెనక మట్టి బండివాడు తొందర పెడుతున్నాడు. ఆమె మలుపు తిరిగేదాకా మా తమ్ముడు అక్కణ్ణుంచి కదలలేదు.