నాణెమంత డిస్కు, కొండంత కసి

ఆవిడ ఉద్యోగమే పడేయడం. జేబులో పెట్టుకుని పాటలు వినే పరికరాన్ని, పాట మోగుతుండగానే ఇనుప పలక మీదికి వదలాలి. లోపలి బుల్లి హార్డ్ డిస్కు బతికిందో చచ్చిందో రాసివ్వాలి. కంపెనీలో అందరికీ ఆవిడ పడేసే అక్క.

ఒకరోజు నాణెమంత కొత్త డిస్కు ఆవిడ బల్ల మీదికొచ్చింది. చేసినవాడెవడా అని చూస్తే, సాక్షాత్తూ బావ! కాపురం ముచ్చట తీరకముందే ఆవిడ సొంతక్కను పుట్టింట్లో దింపి, మళ్ళీ మొహం చూపించని మహానుభావుడు. అక్క నవ్వడం ఆనాడే మానేసింది. ఇప్పుడీ డిస్కు పరీక్ష నెగ్గకపోతే బావ విభాగాన్నే మూసేస్తారట.

"దొరికావురా నాయనా!" అనుకుంది పడేసే అక్క.

దొంగదెబ్బ తియ్యలేదు. అలా తీస్తే కసేం తీరుతుంది? రూలు ప్రకారమే వదిలింది. కాకపోతే ఏ మూల మీద పడాలో రూల్లో లేదుగా! వెతికి వెతికి బలహీనమైన మూల పట్టింది. టప్! డిస్కులో గిర్రున తిరిగే పళ్ళేనికి ఆనకుండా తేలుతూ పాటను చదివే హెడ్డు దాన్నే గీరేసింది. పాట ఆగిపోయింది. ఆవిడ ప్రాణం హాయిగా ఉంది.

"ఆ మూల మీదే ఎందుకేశావ్?" అన్నాడు బావ మొహం మాడ్చుకుని.

"చెయ్యిజారిన వస్తువు మూలలు చూసుకుని పడుతుందా బావా?"

బావ మూలలకు రబ్బరు తొడిగాడు. ఆవిడ వెల్లకిలా పడేసింది. వీపు గట్టిచేశాడు. మెట్ల మీంచి దొర్లించింది. అక్క గుర్తొచ్చిన రోజైతే ఒకటికి నాలుగుసార్లు. చివరికి బావ తిండీ నిద్రా మాని, కిందికి పడుతున్నట్టు తెలియగానే హెడ్డు దానంతటదే పక్కకు తప్పుకుని, పడ్డాక తిరిగొచ్చే ఏర్పాటు చేశాడు. ఆ రోజు ఆవిడ పడెయ్యని తీరు లేదు. చేతులు పీకాయి గానీ పాట ఆగలేదు. నెగ్గిందని రాసిచ్చి, గదిలోకెళ్ళి కోపంతో ఏడ్చింది.

మీటింగులో బావకు చప్పట్లే చప్పట్లు. "ఈవిడ అంత పగబట్టి పడెయ్యకపోతే ఇది ఇంత గట్టిపడేదా?" అన్నాడు నవ్వుతూ. ఆవిడ ఒళ్ళు మండిపోయింది. వాణ్ణి తన చేతులతో తనే అందలమెక్కించింది కదా!

బయట వరండాలో బావ ఆపాడు. "ఇందులో సగముండే డిస్కు మొదలెడుతున్నా. నువ్వు మా జట్టులోకి వచ్చెయ్."

ఇన్నాళ్ళలో ఇంటి ఊసు ఒక్కసారీ ఎత్తలేదు, ఆ మనిషి.

"వస్తాను బావా. నువ్వు చేస్తూ ఉండు, నేను పడేస్తూ ఉంటాను. అక్క ఎలా ఉందని నువ్వడిగేదాకా వదలను."

"అయితే రేపే వచ్చెయ్" అని బావ వెళ్ళిపోయాడు. అక్క సంగతి మాత్రం అడగలేదు.

మర్నాడే ఆవిడ ఆ జట్టులో చేరింది.