కళ్ళకద్దుకున్న కీబోర్డు

మైపాడు నుంచి చేపలు తెచ్చే అక్కకు మా కంప్యూటర్‌లో విమానం నడిపే ఆట నేర్పాను. పైనుంచి తమ సముద్రాన్ని చూడాలని ఆమె కోరిక. జీ నొక్కితే చక్రాలు దిగుతాయి, ఎఫ్ నొక్కితే రెక్కల వెనకుండే ఫ్లాపులు. నొక్కే ముందు ప్రతిసారీ ఆమె కీబోర్డును ఎత్తి కళ్ళకు ఆనించుకునేది.

"కళ్ళకద్దుకుంటే విమానం దిగదక్కా, బుద్ధి పెట్టాల" అని మిత్రుల ముందు ఎగతాళి చేశాను. ఆమె నవ్వి లేచింది. మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోలేదు.

మొన్న కంటి ఆసుపత్రిలో కలిసింది. ఒక కన్ను పోయింది. ముందే వచ్చుంటే నిలిచేదన్నారట.

"ఆ పొద్దు నేను మొక్కలేదన్నా. అక్షరాలు కంటికానక దగ్గరగా పెట్టుకున్నా."

"అప్పుడే చెప్పకపోతివా?"

"నువ్వు అడిగితివా?"

రుజువు లేనిదే ఏదీ నమ్మవద్దని సభల్లో గొంతు చించుకున్నవాణ్ణి. ఆమెను మాత్రం ఒక్క ప్రశ్నయినా అడగకుండానే భక్తురాలిని చేశాను.