మన సీటు

మలేసియాలోని మా సుంగై పెటానిలో ఎవరు ఏ మాట ఎత్తినా మా బాబాయి దాన్ని ఎన్నికల దగ్గరికి లాక్కొస్తాడు. స్వతంత్రం వచ్చిన కొత్తలో మలయ్, చైనీస్, ఇండియన్ పార్టీల పెద్దలు కూటమి కట్టి, కూర్చుని సీట్లు పంచుకున్నారట. మా సీటు ఇండియన్ల వంతుకొచ్చింది. "ఇది మన సీటు లా," అంటాడు, చివర ఇక్కడి ఊతపదం 'లా' తగిలించి, తాత పొలం గురించి చెప్పినంత ధీమాగా. గెలిచినవాళ్లతో మేం ఎప్పుడూ తమిళంలోనే మాట్లాడాం కదా, ఇందులో తెలుగువాళ్లం ఎక్కడున్నాం అంటే కసురుతాడు. "ఆళ్లు మాత్రం మనోళ్లు కారేటి?"

ఈసారి ఆయనకు కావలసింది ఒక్కటే. పాత రబ్బరు తోటలో మావాళ్లు కట్టుకున్న రామమందిరం. తోట పోయి ఫ్యాక్టరీ వస్తోంది. గుడి జోలికి రాకుండా చూడమని వైబీని అడగాలి. చట్టసభ సభ్యుణ్ణి ఇక్కడ అలాగే పిలుస్తాం.

ఇంతలో కౌలాలంపూర్‌లో పెద్దలు మళ్లీ కూర్చున్నారు. మా సీటు కూటమిలోని మరో పార్టీకి పోయింది. మా పాత వైబీకి వేరే ఊళ్లో సీటిచ్చారు. బాబాయికి ఆ సంగతి మల్లెదండ కొనుక్కొచ్చాక తెలిసింది. దాన్నే ప్రచార సభలో కొత్త అభ్యర్థి మెడలో వేశాడు.

తర్వాత మైకు పట్టుకుని గుడి సంగతి మలయ్‌లో చక్కగా చెప్పాడు. అభ్యర్థి నవ్వుతూ విన్నాడు. "ఇండియన్ల గుడి కదా అంకుల్, మీ పార్టీవాళ్లనే అడగాలి," అన్నాడు. నేను అక్కడికక్కడే పాత వైబీకి ఫోన్ చేశాను. అది ఇప్పుడు తన ఏరియా కాదన్నాడు.

హాల్లో అందరూ బాబాయినే చూస్తున్నారు. ఆయన చప్పట్లు మొదలుపెట్టాడు. నేనూ కొట్టాను. అడగడానికి వెళ్లి, కాదన్నవాడికి చప్పట్లు కొట్టొచ్చాం. తల కొట్టేసినట్టయింది. ఇది రాస్తుంటే ఇప్పుడు కూడా సిగ్గేస్తోంది.

పోలింగ్ రోజు పొద్దున్నే బాబాయి తెల్లచొక్కా తొడుక్కుని నా మోటార్‌సైకిల్ దగ్గర నిలబడ్డాడు.

"ఎవరికి వేస్తావు బాబాయ్?"

"అదేటి, మన కూటమికే. మాటిచ్చినాం గదా."

ఎప్పుడిచ్చావని అడగలేకపోయాను. ఆ పంపకానికి మా ఇంట్లోంచి ఎవర్నీ పిలవలేదు. పంచుకున్నవాళ్లు తమకు కావలసినప్పుడు మార్చుకున్నారు. మాట మీద నిలబడింది మా బాబాయి.

ఆయన్ని వెనక కూర్చోబెట్టుకుని నేనే తీసుకెళ్లాను. దారిలో గుడి చుట్టూ ఫ్యాక్టరీవాళ్లు అప్పటికే రేకులు కట్టేశారు. బాబాయి అటు తల తిప్పలేదు. నేనూ తిప్పలేదు.